ఖాళీ మేకులు

"ఇందూ, మీ నాన్నకి సెప్పు. ఉప్మా సల్లారిపోతంది."

హైమవతి ఈ మాట కూతురితో అంది. ఆ నాన్న, అంటే గణపతిరావు, కూతురికి జానెడు దూరంలోనే పీట మీద కూర్చుని ఉన్నాడు.

"నాన్నా, ఉప్మా చల్లారిపోతుందంట."

"ఆకలి నేదని సెప్పు."

"అమ్మా, ఆకలి లేదంట."

"రాత్రీ అదే మాటన్నారు. పొద్దున్న లేచి సూస్తే గిన్నెలో నాలుగు బజ్జీలు మాయం. పిల్లి తిన్నాదేమో కనుక్కో."

గణపతిరావు గొంతు సవరించుకున్నాడు గానీ పిల్లి తరఫున ఏమీ మాట్లాడలేదు.

ఇందు కంచం ఠక్కున కింద పెట్టింది. "మూడ్రోజులైంది. గోల్‌బజార్‌లో మందుల షాపులో పగలంతా అందరికీ చీటీలు చదివి చెప్తాను. ఇంటికొస్తే మీ ఇద్దరి మధ్య పోస్టుమాన్ డ్యూటీ. దీనికి ఓవర్‌టైమ్ ఎవరిస్తారు? అసలు తప్పెవరిది, అది చెప్పండి ముందు."

"మీ అమ్మదే" అన్నాడు గణపతిరావు.

"మీ నాన్నదే" అంది హైమవతి.

రెండూ ఒక్కసారే వచ్చాయి. ఇందుకి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. ఇంట్లో అది నవ్వే పొద్దు కాదు.

"నేనేటి తప్పు సేసినాను?" గణపతిరావు కూతురి వైపే చూస్తూ గొంతు పెంచాడు. "ముప్పై నాలుగేళ్ళు వర్క్‌షాపు టూల్ రూమ్ నడిపినోణ్ణి. ఇన్‌స్పెక్షన్ అంటే సరుకంతా ర్యాకుల్లో ఉండాల. మేకు మీద ఒక్క బిళ్ళ ఏలాడకూడదు. అదీ మర్యాద! జనరల్ మేనేజరే వచ్చి నా టూల్ రూమ్ సూసి 'వెరీ గుడ్ రావ్' అన్నాడు."

"ఇందూ, పుస్తకం రెంచి పానా కాదని సెప్పు."

ఇందు ఈసారి చెప్పలేదు.

బెంగాలీ ఊళ్ళో రైల్వే పనివాళ్ళ కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్. అక్కడ తెలుగు లైబ్రరీ అంటే ఒక్క గది, ముందు ఒక వరండా. పదకొండేళ్ళ కిందట కాలనీ కమిటీ ఆ గది ఇస్తే, గణపతిరావూ, వ్యాగన్ షాపు వెల్డరు తిమోతీ డ్యూటీ దిగి వచ్చి సున్నం కొట్టుకుని, అరలు బిగించుకుని తెరిచారు. ఎవరికీ జీతం లేదు. సాయంత్రమైతే ఇద్దరూ వచ్చి బల్ల దగ్గర కూర్చుంటారు. గుమ్మం దాటి రాలేని వాళ్ళకి హైమవతి సంచిలో పుస్తకాలు పెట్టుకుని సందు సందూ తిరిగి ఇచ్చొస్తుంది.

రిజిస్టరు లేదు. టూల్ రూమ్ పద్ధతే లైబ్రరీ పద్ధతి. వర్క్‌షాపులో పనివాడు తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ కిటికీలో ఇస్తే, దాన్ని మేకుకి తగిలించి పనిముట్టు ఇచ్చేవారు. పనిముట్టు తిరిగొస్తే బిళ్ళ తిరిగెళ్ళేది. షాపులో వేలిముద్రల మిషన్లు వచ్చాక ఆ పాత బిళ్ళలు ఇళ్ళల్లో ఉండిపోయాయి. ఒక ఇంట్లో తాత నంబరు, ఒక ఇంట్లో తండ్రి నంబరు. ఇప్పుడవే లైబ్రరీ కార్డులు. గోడ మీద చెక్కకి ఒక్కో పుస్తకానికీ ఒక్కో మేకు. మేకు మీద బిళ్ళ ఉందంటే ఆ పుస్తకం ఎవరింట్లోనో చదువుతున్నారన్నమాట.

మంగళవారం కమిటీ సెక్రటరీ బిస్వాస్ బాబు చూడ్డానికి వస్తున్నాడని తెలిసి, గణపతిరావు ఇళ్ళల్లో ఉన్న అరవై నాలుగు పుస్తకాలూ వెనక్కి రప్పించాడు. ఇళ్ళకెళ్ళి తెచ్చింది హైమవతి. వద్దని రెండుసార్లు చెప్పి, మూడోసారి చెప్పకుండా తెచ్చింది.

బిస్వాస్ బాబు వచ్చాడు. పుట్టింది పెరిగింది ఈ సందుల్లోనే. తెలుగు పిల్లలతో గోళీలాడి పెరిగినవాడు, ఇప్పుడు మలంచా పేటలో ఇల్లు కట్టుకున్నాడు. నిండుగా ఉన్న అరలు చూశాడు. ఖాళీగా ఉన్న మేకులు చూశాడు.

"ఏక్‌టావో బోయి బాయిరే నేయి? గణపతిదా, ఒక్క పుస్తకం కూడా బయట లేదా?"

"ఒక్కటంటే ఒక్కటి నేదు బాబూ!" అన్నాడు గణపతిరావు ఛాతీ విరుచుకుని. "అన్నీ లోపలే ఉన్నాయి. కావాలంటే లెక్కెట్టుకోండి!"

బిస్వాస్ బాబు ముఖం పాలిపోయింది. "అయితే నేను రిపోర్టులో ఏటి రాయాల దాదా? కుర్రాళ్ళు జిమ్‌కి గది అడుగుతన్నారు. ఎవరూ చదవని పుస్తకాల కోసం గది ఉంచమని ఏ ముఖంతో చెప్పాల?"

అప్పుడు తెలిసింది గణపతిరావుకి ఏం జరిగిందో. పోయిన వారం అరవై నాలుగు బయటే ఉన్నాయని మొత్తుకున్నాడు. ఏవి, చూపించండి అన్నాడు బిస్వాస్ బాబు. చూపించడానికి కాగితం ముక్క లేదు. శనివారం ఆరింటికి కమిటీ మీటింగు. ఐదింటికి వచ్చి గది తాళంచెవి పట్టుకెళ్తానని చెప్పి స్కూటరెక్కాడు.

అది మంగళవారం మాట. ఇవాళ శుక్రవారం.

"ఇందూ" అంది హైమవతి. ఈసారి గొంతు మారింది. "పుస్తకం తీసుకుంటుంటే సరోజమ్మ పిన్ని నన్నేటన్నాదో సెప్పు మీ నాన్నకి. 'నేను సచ్చిపోతానని తొందరా అమ్మా, సగంలో లాక్కుపోతన్నావు?' అన్నాది. పదకొండేళ్ళలో నన్నెవరూ గుమ్మంలో నిలబెట్టి అలాటి మాటనలేదని సెప్పు."

ఇందు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

గణపతిరావు ఉప్మా ముట్టకుండా లేచి, చొక్కా తగిలించుకుని బయటికి నడిచాడు.

*

లైబ్రరీ తాళం పాత ఇత్తడిది. ఒత్తితే పడే రకం కాదు. తియ్యడానికైనా వెయ్యడానికైనా చెవి పెట్టి తిప్పాల్సిందే. గణపతిరావు దాంతో కుస్తీ పడుతుంటే వెనక నుంచి తిమోతి వచ్చాడు.

"ఒరే గణపతీ, ఒకటే దారి. పుస్తకాలన్నీ మళ్ళీ ఎవరివి ఆళ్ళకి ఇచ్చేద్దాం. రేపు సాయంత్రానికి మేకులు నిండాల."

"ఎవరివి ఎవరికిరా? ఏది ఎవరి దగ్గరుందో నాకెలా తెలుస్తాది?"

"రిజిస్టరు పెడదామంటే, రాతకోతలు ఆఫీసోళ్ళకి, మనకి బిళ్ళ సాలు అన్నావు. అనుబవించు."

"హైమకి తెల్సు."

"మరి అడుగు."

"మాట్లాడదు."

"తప్పైపోనాదని సెప్పు."

"ఇందు సేత సెప్పించనా?"

"నీ మొహం" అన్నాడు తిమోతి.

గణపతిరావు విసుగ్గా చేతికందిన పుస్తకం ఒకటి లాగాడు. అందులోంచి చిన్న కాగితం జారి కాళ్ళ దగ్గర పడింది. పాత క్యాలెండరు వెనకవైపు కత్తిరించిన చీటీ. దాని మీద గుండ్రటి అక్షరాలు. ఎవరివో చెప్పక్కర్లేదు, ముప్పై ఏళ్ళుగా చూస్తున్న సరుకుల చీటీ అక్షరాలే.

"సరోజమ్మ పిన్ని. 84 పేజీ. రైలు స్టేషన్లో ఆగింది."

ఇంకో పుస్తకం తీశాడు. అందులోనూ చీటీ ఉంది.

"ఎర్రయ్య. 31. ముందు పేజీ మళ్ళీ సదవాలన్నాడు."

తిమోతి కూడా లాగడం మొదలెట్టాడు. "జెనీ. 140. పరీక్షలయ్యాక ఇవ్వాలి... డయానా వదిన. 12. నచ్చలేదు, మొహమాటానికి తీసుకుంది. వేరేది ఇవ్వాలి." చదువుతూ పకపకా నవ్వాడు. తరవాతి చీటీకి నవ్వు ఆగిపోయింది. "లూకా. 203. ఇంకా పదహారు పేజీలే ఉన్నాయి. బతిమాలాడు."

ఇద్దరూ నేల మీద కూర్చుండిపోయారు. అరవై నాలుగు పుస్తకాలు, అరవై నాలుగు చీటీలు. మాట పడుతూ, గుమ్మం గుమ్మం దగ్గరా నిలబడి, ఎవరు ఎక్కడ ఆగారో అడిగి రాసుకుని మరీ తెచ్చింది ఆ మనిషి.

ముప్పై నాలుగేళ్ళు టూల్ రూమ్ కిటికీలో కూర్చున్నాడు గణపతిరావు. ఏ పనిముట్టు ఎవరి చేతిలో ఏ పని మధ్యలో ఉందో ఒక్కనాడూ అడగాలనిపించలేదు. తిరిగొచ్చిందా లేదా, అంతే చూశాడు.

"ఒరే తిమోతీ, టూల్ రూమ్ ఈవిడ నడపాల్సిందిరా" అన్నాడు చివరికి.

"అది నాకెప్పుడో తెల్సు. నీకు సెప్పి బతకాలి కదా."

ఆఖరుగా ఒక ఎర్ర అట్ట నవల మిగిలింది. లావుపాటిది. చీటీ మీద ఇలా ఉంది: "తబిత. మలంచా. 112. బేగి ఇచ్చేయాల. అక్కడ ఎదురు సూస్తన్నారు."

"తబితంటే ఆ సందు సివర పిల్ల" అన్నాడు తిమోతి. "మలంచాలో ఎవరింట్లోనో ముసలావిణ్ణి సూసుకుంటాది, ఆయా పని."

గణపతిరావు కనుబొమలు ముడిపడ్డాయి. "ఆళ్ళ నాన్న హోటల్లో వంటోడు కదరా. షాపులో సెయ్యలేదు. ఆళ్ళింట్లో బిళ్ళ నేదు. బిళ్ళ నేకుండా పుస్తకం ఎలాగెల్లింది?"

"హైమ ఇచ్చుంటాది."

"అదెలాగ కుదురుతాది? రూలు రూలే."

ఎర్ర అట్ట పుస్తకం పక్కకి తీసి బల్ల మీద పెట్టేశాడు. తిమోతి అతని వైపు అదోలా చూసి, "నువ్వు సగమే మారినావురా" అన్నాడు.

*

సాయంత్రం ఇంటికొచ్చేసరికి హైమవతి దేవుడి అలమర దగ్గర దీపం సర్దుతోంది. అక్కడే పటాల పక్కన ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది. 1163. గణపతిరావు తండ్రి నంబరు. విశ్వకర్మ పూజకి ఏటా హైమవతి చింతపండుతో తోమడం వల్ల అది కొత్త కాసులా మెరుస్తుంది. దాని మీద ఇంతవరకూ ఒక్క పుస్తకం తీసుకోలేదు. టూల్ రూమ్ మనిషి తన బిళ్ళ తనే మేకుకి తగిలించుకోకూడదని గణపతిరావు పట్టుదల.

"హైమా, సీటీలు సూసినాను" అన్నాడు.

ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తరవాత వత్తి ఎగదోసింది.

"అన్నీ సూసినాను. లూకాది కూడా."

ఆమె లోపలికెళ్ళి, పుస్తకాలు మోసే గుడ్డ సంచి తెచ్చి అతని ముందు పెట్టింది. మందుల షాపు నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తున్న కూతురి వైపు తిరిగింది.

"ఇందూ, మీ నాన్నకి సెప్పు. ఎనక్కి తెచ్చిన సెయ్యి నాది. తిరిగిచ్చే సెయ్యి ఆయనది."

*

శనివారం ఏడింటికే గణపతిరావు సైకిలుకి సంచి తగిలించాడు. రిటైరైన టూల్ రూమ్ మనిషి తనే సరుకు మోసుకుంటూ ఇంటింటికీ తిరగడం ఓల్డ్ సెటిల్‌మెంట్ చూడటం అదే మొదలు.

"బాబాయి, కిటికీ వదిలి వీధిలోకొచ్చీసినావా!" అని ఎర్రయ్య అరుగు మీద నుంచి అరిచాడు. డయానా వదిన కొత్త పుస్తకం చూసి, "నచ్చలేదని నీకెవరు సెప్పినారు?" అని సిగ్గుపడింది. లూకా తలుపు తీసి, మాట్లాడకుండా పుస్తకం లాక్కుని తలుపేసుకున్నాడు. గణపతిరావు అలాగే నిలబడ్డాడు. నిమిషం తరవాత తలుపు సందులోంచి ఒక చెయ్యి వచ్చి బిళ్ళ ఇచ్చి మళ్ళీ లోపలికెళ్ళిపోయింది.

సరోజమ్మ ఇంటి ముందు సైకిలు స్టాండు వెయ్యడానికి అతనికి ధైర్యం చాల్లేదు. రెండుసార్లు దాటిపోయి, తిరిగొచ్చాడు.

"ఎవరది? ఓలమ్మ, టూల్ రూమ్ దొరగారే!" ముసలామె మంచం మీద నుంచే అంది. "మళ్ళీ ఏటి పట్టుకుపోడానికొచ్చినావు? బైబిలుందిక్కడ. అదీ కావాలా?"

"పిన్నీ, నీ పుస్తకం తెచ్చినాను."

"దేనికి? ఇంకో ఆఫీసరొస్తే మళ్ళీ లాక్కుపోడానికా?"

గణపతిరావు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. తిమోతితో అనలేని మాట, హైమతో అనలేని మాట ఇక్కడ బయటికొచ్చింది. "తప్పైపోనాది పిన్నీ. నా తప్పే. హైమది కాదు."

సరోజమ్మ మంచం పక్కనున్న పీట చూపించింది. "కూకో. సదువు."

"నేనా?"

"నా కళ్ళ సంగతి తెల్సు కదా. మీ ఆవిడ రోజూ వచ్చి రెండు పేజీలు సదివి పెడతాది. నాలుగు రోజులై ఆ రైలు స్టేషన్లోనే ఉన్నాది. ఆ పిల్ల దిగిందో నేదో తెలీక నాకు నిద్ర నేదు."

హైమ రోజూ ఇక్కడికొచ్చి చదువుతుందని అతనికి తెలియదు. రోజూ సాయంత్రం గంట సేపు ఎక్కడికెళ్తుందంటే సరోజమ్మ దగ్గరికే కదా, ఆడవాళ్ళ కబుర్లు అనుకున్నాడు.

"పిన్నీ, ఇంకా ఇరవై ఇళ్ళున్నాయి..."

"అయితే ఎల్లు. బిళ్ళ ఇవ్వను."

కూర్చున్నాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. టెండరు నోటీసు చదివినట్టు మొదలెట్టాడు. "ప్లాట్‌ఫారం మీద... ఎవరూ లేరు. ఆమె పెట్టె... పట్టుకుని తలుపు దగ్గరికి..."

"మనిషిలాగ సదవరా నాయనా. ఆ పిల్ల భయపడతంది, నువ్వు పానా నంబర్లు సెప్తన్నావు."

గొంతు మార్చాడు. పేజీ తిప్పాడు. ఆ పిల్ల ఒక కాలు మెట్టు మీద పెట్టింది. గార్డు ఈల వేశాడు. ఎనభై అయిదో పేజీ అయిపోయింది.

"అయింది. రెండు పేజీలు" అంది సరోజమ్మ.

"దిగిందో నేదో ఇంకా తెలీలేదు కదా పిన్నీ. ఇంకోటి సదవనా?"

ముసలామె బోసినోరు తెరిచి నవ్వింది. "రెండే. రేపు రా." తలగడ కింద నుంచి బిళ్ళ తీసి అతని చేతిలో పెట్టింది. "మా ఆయనది. జాగర్త. నేనన్న ఆ మాటకి మీ ఆవిడకి... వద్దులే. నువ్వు సెప్పకు, నేనే సెప్పుకుంటాను. మీ ఇంట్లో మాటలు మనిషి ద్వారా ఎల్తన్నాయంట కదా."

ఊరంతా తెలిసిపోయిందన్నమాట.

*

అయిదయ్యేసరికి అరలు బోసిపోయాయి. గోడ మీద మేకులు మాత్రం బిళ్ళలతో బరువెక్కి, కిటికీలోంచి పడ్డ ఎండకి తళతళలాడుతున్నాయి. గణపతిరావు దూరంగా నిలబడి చూసుకున్నాడు. జనరల్ మేనేజరు 'వెరీ గుడ్' అన్న రోజు కూడా ఛాతీ ఇంతలా ఉబ్బలేదు. ఆ ఆనందంలో బల్ల మీద ఎర్ర అట్ట పుస్తకం లేదన్న సంగతి అతను గమనించలేదు.

బిస్వాస్ బాబు స్కూటరు దిగాడు. ముఖం వాడిపోయి ఉంది.

"ఒంట్లో బాలేదా బాబూ?" అన్నాడు తిమోతి.

"నాకు కాదు దాదా, మా అమ్మ. నాలుగు రోజులుగా గోడ వైపు తిరిగి పడుకుంటంది. అన్నం తినదు. అడిగితే చెప్పదు. ఆయాని అడిగితే ఆ పిల్లా తల దించుకుంటాది. పొద్దున్నే డాక్టరు కోసం బయల్దేరినాను, మీటింగు పనుల్లో పడి ఇంకా ఇంటికెళ్ళలేదు." చెయ్యి చాచాడు. "తాళంచెవి."

గణపతిరావు ఇచ్చాడు. బిస్వాస్ బాబు దాన్ని చొక్కా జేబులో వేసుకుని, అప్పుడు గోడ వైపు చూశాడు.

"ఇదేటి?"

"లైబ్రరీ బాబూ" అన్నాడు గణపతిరావు. "మంగళవారం మీరు సూసింది గోడౌన్. ఇదిగో లైబ్రరీ. ఒక్కో బిళ్ళా ఒక్కో ఇల్లు."

బిస్వాస్ బాబు దగ్గరికెళ్ళి నంబర్లు చూశాడు. ఒకటి రెండు అతనికి తెలిసినవే, చిన్నప్పటి స్నేహితుల తండ్రులవి. పెదవి కదిలింది. మళ్ళీ బిగిసింది.

"గణపతిదా, కోపం తెచ్చుకోకు. మంగళవారం ఒక్కటి లేదు. శనివారం గోడ నిండా. మంగళవారం నాకు చూపించడానికి తెప్పించినావు. ఇవాళ నాకు చూపించడానికి పంచినావు. నేను ఏది నమ్మాల?"

గణపతిరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎదుటి మనిషి అన్నదాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు.

"ఒక పని చేస్తాను" అన్నాడు బిస్వాస్ బాబు. "ఒక బిళ్ళ తీస్తాను. ఆ ఇంటికెళ్దాం. ఆ పుస్తకంలో ఏటుందో ఆ ఇంటివాళ్ళు నాకు చెప్పాల. చెప్తే, మీటింగులో మీ తరఫున నేనే నిలబడతాను."

"ఏదైనా తియ్యండి!" అన్నాడు గణపతిరావు. ఇవాళ ఇచ్చినవన్నీ ఎవరివో, ఎక్కడ ఆగారో అతనికిప్పుడు కంఠతా వచ్చు.

బిస్వాస్ బాబు చెయ్యి మేకుల మీదుగా వెళ్ళి, అన్నిటికంటే మెరుస్తున్న బిళ్ళ దగ్గర ఆగింది. తీసి చదివాడు.

"1163."

గణపతిరావు ఇంట్లో దేవుడి అలమరలో ఉండాల్సిన బిళ్ళ అది. ఆ బిళ్ళ అతను తగిలించలేదు.

తిమోతి వైపు చూశాడు. తిమోతి కప్పు వైపు చూస్తున్నాడు. "మధ్యాన్నం నేను టీకెల్లినాను" అన్నాడు, ఎవరూ అడగకుండానే.

*

రెండు సందులు దాటితే ఇల్లు. ఇందు ఇంకా షాపు నుంచి రాలేదు. మాట మోసే మనిషి లేదు. హైమవతి గుమ్మంలో నిలబడి ఉంది, వీళ్ళు వస్తారని తెలిసినట్టే.

"బౌదీ, ఈ బిళ్ళ మీదేనా?" అని వదిన వరస కలిపి అడిగాడు బిస్వాస్ బాబు.

"మా మావగారిది."

"దీని మీద ఏ పుస్తకం తీసుకున్నారు?"

"ఎర్ర అట్టది. తల్లీ తండ్రీ పోతే నలుగురు సెల్లెళ్ళని పెంచిన అక్క కథ."

"తీసుకురండి. ఒకసారి చూస్తాను."

"ఇంట్లో నేదు బాబూ."

గణపతిరావు కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది. గది పోయింది. పదకొండేళ్ళూ పోయాయి.

"మరెక్కడుంది?" అన్నాడు బిస్వాస్ బాబు.

"మీ ఇంట్లో."

వీధిలో రిక్షా ఒకటి గంట కొట్టుకుంటూ పోయింది.

"మీ అమ్మగారి మంచం పక్కన" అంది హైమవతి. "మీ ఆయా తబిత మధ్యాన్నం పూట సదివి, బెంగాలీలో సెప్తాది. రోజూ ఆపగానే అమ్మగారు 'తారపర్? తారపర్?' తర్వాతేటి, తర్వాతేటి అని ప్రాణం తీస్తారంట. సోమవారం నేనెల్లి పుస్తకం తెచ్చీసినాను. నూట పన్నెండో పేజీ దగ్గర మూడో సెల్లి తప్పిపోయింది. తర్వాతేటైందో తబితకీ తెలీదు. మరేటి సెప్తాది ఆ పిల్ల? తల దించుకుంది."

బిస్వాస్ బాబు అరచేతిలో బిళ్ళని తిప్పుతూ నిలబడ్డాడు. "నాతో ఒక్క మాట..."

"డ్యూటీలో కథలు సదువుతుందని మీరు కోప్పడతారని దాని భయం. సంగతి బయటపడితే ఆ పిల్ల ఉద్యోగం పోతాదని అమ్మగారి భయం. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నోరు మూసుకున్నారు. మధ్యాన్నం నేనే ఎల్లి ఇచ్చొచ్చినాను. ఈపాటికి తినుంటారు."

అతను వాచీ చూసుకున్నాడు. అయిదున్నర. గబగబా స్కూటరు వైపు తిరిగాడు. బిళ్ళ పిడికిట్లోనే ఉంది.

"బాబూ" అంది హైమవతి. గట్టిగా అనలేదు. అయినా అతను ఆగాడు. "బిళ్ళ వెనక్కి పోయిందంటే పుస్తకం వెనక్కి రావాల. అది ఈయన పెట్టిన పద్ధతి. బిళ్ళ పట్టుకెళ్తే, మీ అమ్మగారి పక్కనించి ఆ పుస్తకం మీరే తీసి తేవాల."

బిస్వాస్ బాబు ఆమెని చూశాడు, బిళ్ళని చూశాడు. నాలుగడుగులు వెనక్కి వేసి, దాన్ని ఆమె చేతిలో జాగ్రత్తగా పెట్టాడు. ఇంకేమీ అనలేదు. కమిటీ హాలు కుడివైపు. స్కూటరు ఎడమవైపు, మలంచా రోడ్డు వైపు తిరిగింది.

గణపతిరావు గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు. "మన బిళ్ళ మీద... తబితకి..."

"ముప్పై నాలుగేళ్ళు ఊరందరి బిళ్ళలూ తగిలించినారు. మనది ఒక్కసారి మేకెక్కితే ఏటైపోద్ది?"

అతను తలెత్తాడు. "ఇది నాతోనేనా అన్నావు?"

"ఇందు ఇంట్లో నేదు కదా" అంది హైమవతి.

సందు చివర నుంచి తిమోతి రొప్పుతూ వచ్చాడు. "ఒరే, ఆయన తాళంచెవి జేబులోనే పెట్టుకుపోనాడు! మీటింగులో ఆళ్ళకి ఇచ్చేస్తాడో, మనకి తెస్తాడో! తాళం ఎయ్యడానికి నేదు. గది ఎలాగ మూస్తాం?"

హైమవతి చెప్పులేసుకుంది.

"మూయకండి" అంది. "పదండి, నేనూ వస్తాను."

లైబ్రరీకొచ్చి 1163 బిళ్ళని ఎర్ర అట్ట పుస్తకం మేకుకి తనే తగిలించింది. పదకొండేళ్ళలో ఎప్పుడూ కూర్చోని చోట, బల్లకి అవతలివైపు గణపతిరావు కుర్చీలో కూర్చుంది. గణపతిరావు వెళ్ళి వరండాలో, పుస్తకానికొచ్చే వాళ్ళు కూర్చునే బెంచీ మీద సర్దుకున్నాడు.

"ఆయన రాకపోతే?" అన్నాడు తిమోతి.

"ఎవరో ఒకరు పుస్తకానికి వస్తారు" అంది ఆమె.

ఆరైంది. మలంచా వైపు నుంచి స్కూటరు చప్పుడు ఇంకా లేదు. తలుపులు రెండూ బార్లా తెరిచే ఉన్నాయి.